ఎండాకాలం పారిస్‌లో కచేరీలు: హాళ్ళు మూసేశాక ఎక్కడికి వెళ్ళాలి?

వేసవిలో పిల్లల దగ్గరికి ఫ్రాన్స్ వెళ్ళే తల్లిదండ్రులు, అక్కడ చదువుకునే విద్యార్థులు ఈమధ్య పారిస్ కచేరీల గురించి చాలా ప్రశ్నలు పంపారు. వాటిలో కొన్నింటికి ఈసారి జవాబులు. తేదీలు, ధరలు ఏటా మారతాయి కాబట్టి బయల్దేరేముందు ఆయా వేదికల సైట్లు చూసుకోక తప్పదు. ఏటా మారని విషయాల మీదే ఇక్కడ ఎక్కువ రాశాం.

ప్రశ్న: జులై 20 నుంచి ఆగస్టు ఆఖరు దాకా పారిస్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటాం. ఒపేరా, ఫిలార్మొనీ క్యాలెండర్లు చూస్తే ఆ రోజులన్నీ ఖాళీ. అన్నాళ్ళూ సంగీతమే ఉండదా? (విజయవాడ పాఠకురాలు)

ఉంటుంది, హాళ్ళలో ఉండదు అంతే. అక్కడ సంగీతానికి ఏడాది సెప్టెంబరులో మొదలై జులై నడిమికి ముగుస్తుంది. గార్నియే, బాస్తీ ఒపేరాలు రెండూ జులై మధ్యలో తలుపులు వేసేస్తాయి. 2015 జనవరిలో తెరిచిన ఫిలార్మొనీ పెద్ద హాలుది 2,400 సీట్లు. అదీ అప్పటికి నిద్రపోతుంది. పేరున్న వాద్యకారులు చాలామంది దక్షిణాదికి, ఏక్సాన్ ప్రొవాన్స్ ఒపేరా ఉత్సవానికో లా రోక్ దాంతెరోన్ పియానో ఉత్సవానికో వెళ్ళిపోతారు. పారిస్‌లో మిగిలిన సంగీతం పార్కులకీ, చర్చిలకీ, నేలమాళిగల్లోని జాజ్ క్లబ్బులకీ చేరుతుంది. ఈ మూడింటికీ టికెట్టు పద్ధతి వేరు, కూర్చునే పద్ధతి వేరు. హాలు మర్యాదలు నేర్చుకుని పార్కుకి వెళ్ళినా, పార్కు అలవాటుతో క్లబ్బుకి వెళ్ళినా ఇబ్బంది పడతారు.

వేసవి వరస ఇలా ఉంటుంది. జూన్ 21న ఫెత్ ద లా మ్యుజిక్. 1982లో మొదలైన ఈ సంగీత పండుగ రోజున వీధివీధినా వాయిస్తారు, టికెట్టన్నదే ఉండదు. అయితే శ్రద్ధగా వినే రోజు కాదది. పక్క సందులో డ్రమ్ములు ఈ సందులోని వయొలిన్‌ని మింగేస్తాయి. ఆ సాయంత్రం క్లాసికల్ వినాలంటే ఏదైనా చర్చిలోనో మ్యూజియం లోపలి పెరట్లోనో పెట్టిన కార్యక్రమం చూసుకోండి. జూన్, జులైల్లో నగరానికి పడమటి అంచున బగతెల్ తోటలో పియానో స్వరకర్త షోపాన్ పేరిట ఉత్సవం జరుగుతుంది. ఎండాకాలమంతా తూర్పు అంచున పార్క్ ఫ్లోరల్‌లో కచేరీలుంటాయి: ముందు జాజ్, ఆగస్టు వచ్చేసరికి క్లాసికల్. జులై 14 రాత్రి ఈఫిల్ టవర్ కింద షాన్ ద మార్స్ మైదానంలో ఫ్రాన్స్ జాతీయ ఆర్కెస్ట్రా ఉచిత కచేరీ, అది అయ్యాక బాణసంచా. 2013 నుంచి నడుస్తున్న సంప్రదాయం ఇది. ఆగస్టు ఆఖర్లో ఉత్తరాన విలెత్ పార్కులో 'జాజ్ ఆ లా విలెత్' మొదలై సెప్టెంబరులోకి సాగుతుంది. నిద్రపోయిన ఫిలార్మొనీ మళ్ళీ లేచేది దాంతోనే.

మీ తేదీలకు పార్క్ ఫ్లోరల్ క్లాసికల్, చర్చి కచేరీలు, విలెత్ మొదటి రోజులు దొరుకుతాయి. ఆగస్టు మొదటి మూడు వారాలు క్లబ్బులు కూడా కొన్ని సెలవు తీసుకుంటాయి కాబట్టి జాజ్ వినాలనుకుంటే జులైలోనే వినేయండి. విమానం టికెట్టు ఇంకా కొనకపోతే వారం ముందుకు జరుపుకోండి. జులై 14 కచేరీ ఒక్కదానికోసమైనా జరపవచ్చు. ఆ రోజు మధ్యాహ్నమే మైదానానికి చేరాలి. తనిఖీలో గాజు సీసాలు, మద్యం తీసేసుకుంటారు. దగ్గరి మెట్రో స్టేషన్లు మూసేస్తారు గనక రెండు మూడు స్టేషన్ల ముందే దిగి నడవాలి, తిరిగొచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ నడవాలి. వేదికకు ఎదురుగా చోటు దొరకనివాళ్ళకి పెద్ద తెరలే గతి.

ప్రశ్న: అత్తగారూ మామగారూ, ఆరేళ్ళ బాబుతో వెళ్తున్నాం. పార్క్ ఫ్లోరల్ కచేరీకి వాళ్ళను తీసుకెళ్ళవచ్చా? ఎలా వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి? (హైదరాబాద్)

కుటుంబమంతా వెళ్ళడానికి ఇంతకంటే మంచి చోటు పారిస్‌లో లేదు. బాబు మధ్యలో లేచి పరుగెత్తినా ఎవరూ గుడ్లురమరు.

మెట్రో 1వ లైన్లో తూర్పు కొసన ఆఖరి స్టేషన్ షాతో ద వాన్సెన్‌లో దిగండి. కోట పక్కనుంచి పది నిమిషాల నడక. ఆర్‌ఈఆర్ అనే శివారు రైళ్ళ ఏ లైన్లో 'వాన్సెన్' అని ఇంకో స్టేషన్ ఉంది. పేరు చూసి అక్కడ దిగితే పెద్దవాళ్ళతో ఇంకో పది నిమిషాలు అదనంగా నడవాల్సివస్తుంది. చాలా కచేరీలకు విడిగా టికెట్టుండదు, పార్కు గేటు దగ్గర కొద్ది యూరోల ప్రవేశ రుసుము కడితే చాలు. కొన్ని ప్రత్యేక కార్యక్రమాలకు మాత్రం ముందే కొనాలి. ప్రోగ్రాంలో ఆ పేరు పక్కన ధర వేసి ఉంటే అది అలాంటిదని అర్థం.

వేదిక ముందు పైకప్పు కింద కుర్చీలుంటాయి, నంబర్లుండవు. మామగారికి కుర్చీ కావాలంటే గంట ముందు చేరాలి. మిగతావాళ్ళు చుట్టూ పచ్చికలో కూర్చుంటారు. ఎండకు పచ్చిక ఎండిపోయి గుచ్చుకుంటుంది, వాన పడితే తడి, కాబట్టి పలచటి చాప గానీ దుప్పటి గానీ పట్టుకెళ్ళండి. ముందు వరసలకోసం ఎగబడకండి. ఆరుబయట శబ్దాన్ని తిప్పి పంపే గోడలుండవు గనక క్లాసికల్‌ని కూడా మైకుల్లోనే వినిపిస్తారు. స్పీకర్లు రెండు పక్కలా ఉంటాయి. మొదటి వరస మూలన కూర్చుంటే ఒక స్పీకరే చెవిలో మోగుతుంది, పియానో ఎడంచెయ్యి ఒకచోటా కుడిచెయ్యి ఒకచోటా ఉన్నట్టనిపిస్తుంది. సౌండ్ ఇంజనీరు బల్ల ఎక్కడుందో చూసుకుని దానికి కాస్త ముందు, మధ్యలో కూర్చోండి. అతను తన చెవికి సరిపోయేట్టు అన్నీ సర్దుకునేది అక్కడినుంచే.

ఏ కార్యక్రమం ఎంచుకోవాలన్నదీ ముఖ్యమే. మెత్తగా వాయించే తీగవాద్యాల క్వార్టెట్ ఆరుబయట సగం గాలికి పోతుంది. క్లారినెట్, హార్న్, బసూన్ లాంటి ఊదే వాద్యాలున్న బృందాలు, పియానోతో ఉన్న బృందాలు, ఇత్తడి వాద్యాలు బాగా నిలబడతాయి. గాలి తోలినప్పుడు స్వరపత్రాలు ఎగిరిపోకుండా స్టాండుకి బట్టల క్లిప్పులు పెట్టుకుంటారు. క్లిప్పు తీసి, పేజీ తిప్పి, మళ్ళీ పెట్టేలోగా ఒక వాద్యం క్షణం పాటు ఆగిపోవడం కనిపెట్టవచ్చు. వేడికి తీగలు సడలుతాయి కాబట్టి భాగానికీ భాగానికీ మధ్య శ్రుతి సరిచూసుకుంటారు. ఆ వ్యవధిని చూసి కచేరీ అయిపోయిందనుకోకండి.

తిండి పట్టుకెళ్ళవచ్చు. పులిహోర డబ్బా భేషుగ్గా పనికొస్తుంది. స్టవ్వులు, నిప్పు మాత్రం కుదరవు. మంచినీళ్ళ సీసా, టోపీ, సాయంత్రానికి ఒక శాలువా ఉండాలి. మధ్యాహ్నం 30 డిగ్రీలున్న రోజున కూడా సూర్యుడు దిగాక చెట్ల కింద చల్లబడుతుంది. మామూలు వానకి పైకప్పు కింద కచేరీ సాగుతుంది. పెనుగాలి, ఉరుముల హెచ్చరిక ఉన్నప్పుడు నగరపాలక సంస్థ పార్కులే మూసేస్తుంది, అప్పుడు కచేరీ ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు. మబ్బుగా ఉన్న రోజున బయల్దేరేముందు పారిస్ నగర సైటు ఒకసారి చూడండి.

ప్రశ్న: సెంట్ షపెల్‌లో కొవ్వొత్తుల వెలుగులో వివాల్డి 'నాలుగు ఋతువులు' అని పోస్టర్లు చూశాం. టికెట్టు బాగా ఖరీదు. విలువైనదేనా? మూడు రకాల సీట్లున్నాయి, ఏది కొనాలి? (న్యూజెర్సీ నుంచి పారిస్ మీదుగా ఇండియా వెళ్తున్న దంపతులు)

కట్టడానికే విలువ కట్టేట్టయితే కళ్ళు మూసుకుని కొనండి. 1248లో ప్రతిష్ఠించిన ప్రార్థనా మందిరం అది. పై అంతస్తులో గోడలకు బదులు 15 మీటర్ల ఎత్తు రంగుటద్దాల కిటికీలు 15 ఉన్నాయి. వాటి మధ్య కూర్చుని గంటసేపు వినడం ఉత్తి సందర్శకులకు దొరికే అనుభవం కాదు. సంగీతానికే విలువ కట్టేట్టయితే రెండు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది వెలుగు. బయట చీకటి పడ్డాక లోపలినుంచి చూస్తే రంగుటద్దాలు నల్లగా కనిపిస్తాయి. జూన్ ఆఖర్లో పారిస్‌లో సూర్యాస్తమయం రాత్రి పదికి కొద్ది నిమిషాల ముందు, ఆగస్టు నడిమికి తొమ్మిది దాటాక, సెప్టెంబరు నడిమికి ఎనిమిది ప్రాంతాన. కాబట్టి జూన్, జులైల్లో ఏ సాయంత్రం ఆటైనా కచేరీ పొడుగునా రంగులుంటాయి, కొవ్వొత్తులు ఉత్తి అలంకారం. ఆగస్టు ఆఖర్లో వెళ్తే రెండాటల్లో ముందుది తీసుకోండి. పడమటి గోడ మీద గుండ్రటి గులాబీ కిటికీ సాయంకాలపు వెలుగు పట్టుకుంటుంది. అది మీ వీపు వెనక ఉంటుంది, తల తిప్పి చూడటం మరిచిపోకండి.

రెండోది సీటు. నేలంతా ఒకే మట్టం. వెనక వరసల్లో ముందువాళ్ళ తలలు తప్ప వాద్యకారులు కనిపించరు. పైగా రాతికీ అద్దానికీ తగిలి శబ్దం చాలాసేపు తిరుగుతుంది. వివాల్డి రాసిన వేగమైన వయొలిన్ పరుగుల్లో ఒక స్వరం ఆరకముందే తర్వాతి అయిదారు వచ్చి దానిమీద పడతాయి. ముందు వరసల్లో విల్లు నుంచి నేరుగా వచ్చే నాదం బలంగా ఉంటుంది గనక స్వరాలు విడివిడిగా వినిపిస్తాయి, వెనక్కి పోయేకొద్దీ అంతా ముద్దయిపోతుంది. కాబట్టి 'నాలుగు ఋతువుల'కైతే మొదటి తరగతి కొనండి, లేదా మానేయండి. అదే గాత్ర బృందమో, ఒంటరి చెల్లో, నెమ్మదైన పాత సంగీతమో అయితే ఆ ప్రతిధ్వనే అందం. చౌక టికెట్టు నిశ్చింతగా కొనండి.

మూడోది ఎవరు వాయిస్తున్నారన్నది. 1725లో అచ్చయిన ఈ కృతికి ఏకవయొలిన్, దాని వెనక తీగవాద్యాలు, హార్ప్సికార్డ్ (పియానోకి ముందు కాలపు మెట్లవాద్యం) ఉండాలి. పర్యాటకుల కోసం నడిచే కచేరీల్లో ఒక్కోసారి అయిదారుగురే సర్దేస్తారు, హార్ప్సికార్డ్ ఉండదు. టికెట్టు పేజీలో బృందం పేరు, ఎంతమంది అన్నది, ఏకవాద్యకారుడి పేరు ఉన్నాయో లేదో చూడండి. పేరే వెయ్యని కచేరీకి ఎక్కువ ధర పెట్టడం మా దృష్టిలో దండగ. నాలుగు ఋతువులూ కలిపి ముప్పావు గంటకు మించవు. మిగతా సమయానికి ఏం వాయిస్తారో, అసలు నాలుగూ పూర్తిగా వాయిస్తారో లేదో కూడా చదవండి. 'భాగాలు' అన్న మాట పోస్టర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఆ మందిరం న్యాయస్థానాల ప్రాంగణంలో ఉంది గనక గేటు దగ్గర విమానాశ్రయం తరహా తనిఖీ. కత్తెర, తాళంచెవుల గుత్తికి తగిలించిన చిన్న చాకు, గాజు సీసా ఏవీ వెళ్ళనివ్వరు, దాచిపెట్టే చోటూ ఉండదు. అరగంట ముందు వరసలో నిలబడండి. పైకి వెళ్ళేది ఇరుకైన మెలిమెట్ల మీదుగా. మోకాళ్ళ నొప్పులుంటే టికెట్టు కొనకముందే నిర్వాహకులకు రాసి వేరే దారి అడగండి. వీధిలో ఎవరైనా 'అమ్ముడైపోయాయి, నా దగ్గరున్నాయి' అంటే దూరం జరగండి. అనుమతి లేకుండా టికెట్ల మళ్ళీ అమ్మకాన్ని వ్యాపారంగా పెట్టుకోవడం ఫ్రాన్స్‌లో 2012 నుంచి నేరం.

ప్రశ్న: కర్ణాటక కచేరీలకు అలవాటుపడ్డవాణ్ణి. నచ్చితే భళా అంటాం, తొడమీద తాళం వేస్తాం, తనికి చప్పట్లు కొడతాం. అక్కడ క్లాసికల్‌లో, జాజ్‌లో చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? (రాజమహేంద్రవరం)

క్లాసికల్‌లో కృతి మొత్తం అయ్యాకే. అది ఎక్కడ అయిందో తెలియడమే చిక్కు. ఆర్కెస్ట్రా అంతా వాయించే సింఫనీకి మామూలుగా నాలుగు భాగాలు, ఏకవాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే కన్సెర్టోకి మూడు. ప్రోగ్రాం కాగితంలో కృతి పేరు కింద ఆ భాగాలను వరసగా వేస్తారు. వాటిని లెక్కపెట్టుకుంటూ వినండి. భాగానికీ భాగానికీ మధ్య నిశ్శబ్దంలో దగ్గుకోవచ్చు, చప్పట్లు కొట్టకూడదు. 'నాలుగు ఋతువులు' నాలుగు కన్సెర్టోలు, ఒక్కోదానికి మూడు భాగాలు, అంటే పన్నెండు. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు తర్వాత కొట్టవచ్చు. పర్యాటకులతో నిండిన చర్చిలో ప్రతి భాగానికీ కొడతారు, ఎవరూ ఏమీ అనరు. బగతెల్‌లో షోపాన్ వినవచ్చినవాళ్ళు మాత్రం వెనక్కి తిరిగి చూస్తారు.

రెండు చోట్ల అనుభవజ్ఞులూ పొరపడతారు. చైకోవ్‌స్కీ ఆరో సింఫనీలో మూడో భాగం కచేరీ ముగిసినంత ఆర్భాటంగా ఆగుతుంది, అసలు ముగింపు ఆ తర్వాత వచ్చే నెమ్మదైన నాలుగోది. షోపాన్ రెండో సొనాటాలో దీనికి తలకిందులు. ప్రసిద్ధమైన శవయాత్ర సంగీతం అయ్యాక నాలుగో భాగం నిమిషంన్నరలో సుడిగాలిలా వచ్చి పోతుంది, అయిపోయిందని ఎవరికీ తెలియదు. అనుమానం వస్తే వాయించేవాళ్ళ చేతులు చూడండి. వయొలిన్ విల్లు ఇంకా గాల్లోనే ఉన్నా, పియానిస్టు చేతులు ఒళ్ళోకి రాకపోయినా ఆగాలి.

తాళం సంగతి. చేయి తొడమీద ఆడించినా శబ్దం రాకూడదు. పక్క కుర్చీకి పదంగుళాల దూరం ఉండదు, తలుపులు వేసిన నిశ్శబ్దంలో ఉంగరం తగిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. మాట పైకి అనడం అసలు వద్దు. మెచ్చుకోలు అంతా ఆఖరికి దాచుకోండి. పారిస్ శ్రోతలు బాగా మెచ్చితే విడివిడి చప్పట్లు నెమ్మదిగా ఒకే లయలోకి వచ్చేస్తాయి, 'బిస్' అని అరుస్తారు. మన పద్యనాటకాల వన్స్‌మోర్ లాంటిదే. దానికి బదులుగా ఒకటో రెండో చిన్న తుకడాలు వాయిస్తారు కాబట్టి కోటు తీసుకుని పరుగెత్తకండి.

జాజ్‌లో మీరు ఇంట్లో ఉన్నట్టే ఉండవచ్చు. ముందు అందరూ కలిసి పాట వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరూ ఆ పాట చట్రంలోనే మనోధర్మం చూపిస్తారు, ఆఖర్న మళ్ళీ పాట. ఒక్కొక్కరి వంతు అయినప్పుడల్లా చప్పట్లు కొట్టాలి, కొట్టకపోతేనే నిర్లక్ష్యం. తర్వాతివాళ్ళ వంతు మొదలైపోతుంది గనక చప్పట్లు పొట్టిగా ఉండాలి. బాస్ వాద్యం వంతు వచ్చినప్పుడు గ్లాసుల చప్పుడు కూడా తగ్గించుకోండి. దాని నాదం చిన్నది, మాటల కింద మునిగిపోతుంది.

తాళం తెలిసినవాళ్ళకి చట్రం పట్టుకోవడం తేలిక. పన్నెండు బార్ల బ్లూస్ అంటే పన్నెండు నాలుగులు, 48 దెబ్బలు. దెబ్బకో అక్షరం చొప్పున వేసుకుంటే ఆదితాళంలో సరిగ్గా ఆరు ఆవృత్తాలు. ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలతో 32 బార్ల పాటలు చాలా ఉంటాయి, వాటికి పదహారు ఆవృత్తాలు. ఆరో ఆవృత్తం చివరికి అందరూ కలిసి సమానికి దిగడం గమనిస్తే కచేరీ సగం అర్థమైనట్టే. ఒక్కచోట మాత్రం మన చేయి అడ్డం తిరుగుతుంది. మనకి దెబ్బ సమం మీద పడుతుంది, స్వింగ్‌లో శ్రోతలు చిటికె వేసేది రెండో దెబ్బ మీదా నాలుగో దెబ్బ మీదా. ఒకటి, మూడుల మీద గట్టిగా కొడితే డ్రమ్మరు లాగుతున్న ఊపుకి ఎదురు పోయినట్టవుతుంది. అన్నట్టు, యూరప్ జాజ్ శ్రోతలకు మన సంగీతం కొత్తేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లోనే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు.

ప్రశ్న: పారిస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. మందు తాగను, డబ్బులు తక్కువ. జాజ్ క్లబ్బుకి వెళ్ళాలంటే ఎంత సిద్ధం చేసుకోవాలి? (విద్యార్థి)

షాత్లే స్టేషన్ దగ్గర ర్యూ దె లొంబార్ అనే ఒక్క వీధిలోనే 42వ నంబరులో డ్యూక్ దె లొంబార్, 58లో బెజే సాలే, 60లో సన్‌సెట్-సన్‌సైడ్ ఉన్నాయి. సన్‌సెట్ నేలమాళిగలో, సన్‌సైడ్ దానిపైన రోడ్డు మట్టంలో. పై గదిలో ఎక్కువగా పియానో, బాస్, డ్రమ్స్ లాంటి అకూస్టిక్ బృందాలు, కింద గిటారూ కీబోర్డులూ ఉన్న విద్యుత్ వాద్యాలు. చెవికి హాయి కావాలంటే పైన కొనుక్కోండి. 1981 నుంచి ఉన్న న్యూ మార్నింగ్ పదో వార్డులో ఉంది. అది వీటికంటే పెద్దది, చాలావరకు నిలబడి వినాలి.

కొనేముందు టికెట్టు ఒక సెట్టుకా, రాత్రంతటికా అన్నది తేల్చుకోండి. రాత్రికి రెండు ఆటలు వేసే క్లబ్బుల్లో మొదటిది అవగానే బయటికి పంపేస్తారు, రెండోదానికి వేరే టికెట్టు. ఇంకొన్నింట్లో ఒకే టికెట్టుకి విరామంతో రెండు సెట్లూ వినవచ్చు. ధర దగ్గర 'కొన్సొమాసియోఁ' అన్న మాట కనిపిస్తే ఏదో ఒక పానీయం కొనాలని అర్థం. టికెట్టులో కలిసిందా విడిగానా అన్నది చదవండి. పళ్ళరసం అడిగినా ఎవరూ వింతగా చూడరు, ధర మాత్రం బయటి కేఫ్ కంటే ఎక్కువ. ఒకటి కొన్నాక 'యున్ కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్ళు ఉచితంగా ఇస్తారు.

ఖర్చు తగ్గాలంటే జామ్ రాత్రులు చూడండి. ప్రవేశం ఉచితం లేదా నామమాత్రం, తాగేదొకటి కొంటే చాలు. మొదట క్లబ్బు సొంత త్రయం ఒక సెట్టు వాయిస్తుంది, తర్వాత పేరు రాయించుకున్నవాళ్ళు వరసగా ఎక్కుతారు. నాణ్యం మొదటి గంటలోనే ఎక్కువ, అర్ధరాత్రి దాటాక అదృష్టాన్ని బట్టి. విద్యార్థి కార్డు ఎప్పుడూ దగ్గరుంచుకోండి. 26 ఏళ్ళ లోపు, కొన్నిచోట్ల 28 ఏళ్ళ లోపు అని తగ్గింపు ఇస్తారు, తలుపు దగ్గర రుజువు అడుగుతారు. 1946 నుంచి నడుస్తున్న కావో ద లా యుషెత్‌కి ముందస్తు టికెట్టు లేదు, తలుపు దగ్గర కట్టి దిగడమే. అయితే అది డాన్సు చేసేవాళ్ళ మాళిగ. కూర్చుని వినాలనుకునేవాళ్ళకి అంత నప్పదు.

చిన్న గదిలో డ్రమ్ములతో ఉండే ఇత్తడి తాళాలకు ఎదురుగా కూర్చోకండి, పియానో మెత్తదనం వినబడదు. గది మూల కూడా మంచిది కాదు, బాస్ శబ్దం అక్కడ పోగుపడి మోత వేస్తుంది. పియానిస్టు చేతులు కనబడే పక్కన గోడకు రెండడుగులు ఇవతల దొరికితే వదలకండి.

ప్రశ్న: పెద్ద పైపు ఆర్గన్ని ఎప్పుడూ నేరుగా వినలేదు. ఉచితంగా వినే వీలుందా? (యానాం)

ఉంది. లే ఆల్ దగ్గర సెంట్ యుస్తాష్ చర్చిలో ఆదివారం సాయంత్రం అయిదింటికి, ప్రార్థనకు ముందు, అరగంట ఆర్గన్ వాయించే ఆనవాయితీ ఉంది. 1989లో పూర్తిచేసిన ఆ వాద్యానికి సుమారు 8,000 గొట్టాలు. సెంట్ సుల్పీస్‌లోది ఆర్గన్ల నిర్మాత కావయే-కోల్ 1862లో కట్టినది, ఆదివారం ఉదయం ప్రార్థనతో కలిపి వినవచ్చు. 2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదానికి గురై 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచిన నోత్ర్ దామ్‌లో కూడా ఆర్గన్ మళ్ళీ మోగుతోంది, కానీ అక్కడ జనం ఎక్కువ. సెలవుల్లో వేళలు మారతాయి, తలుపు దగ్గర అంటించిన కాగితం చదవండి.

ఆర్గన్ సింహద్వారం పైన మేడలో ఉంటుంది, కుర్చీలు బలిపీఠం వైపు తిరిగి ఉంటాయి. అంటే సంగీతం వీపు వెనకనుంచి వస్తుంది. మేడ కిందే కూర్చుంటే చాలా శబ్దం మీ తల మీదుగా వెళ్ళిపోతుంది, హాలు మధ్యకు వెళ్ళండి. అతి మంద్రంలో మోగే 32 అడుగుల గొట్టం సెకనుకు దాదాపు 16 కంపనాలే చేస్తుంది. అది చెవికంటే ముందు కుర్చీ చెక్కలో తెలుస్తుంది. మగవాళ్ళు టోపీ తీసేయాలి, అరచేతిలో ఫోను వెలగకూడదు. 'లిబ్ర పార్టిసిపాసియోఁ' అంటే ఇష్టమైనంత ఇవ్వమని. వెళ్ళేటప్పుడు బుట్టలో అయిదు యూరోల నోటు వేస్తే గౌరవంగా ఉంటుంది. వడగాడ్పుల రోజుల్లో ఈ రాతి చర్చిలే నగరంలో చల్లటి చోట్లు. 2019 జులై 25న పారిస్ 42.6 డిగ్రీలు చూసింది, అలాంటి రోజున పార్కు కచేరీ మానుకుని ఇక్కడికి రండి.

ప్రశ్న: బగతెల్‌కి ఎలా వెళ్ళాలి? (గుంటూరు)

మెట్రో 1వ లైన్లో పడమటికి వెళ్ళి పోంట్ ద నొయ్యిలో దిగి 43 నంబరు బస్సెక్కితే తోట దగ్గరి దాకా తెస్తుంది. పియానో కచేరీ ఒరాంజరీలో, అంటే నారింజ మొక్కల్ని చలికాలం దాచే పొడుగాటి గాజు కిటికీల గదిలో జరుగుతుంది. ఆ తోటలో నెమళ్ళు స్వేచ్ఛగా తిరుగుతాయి. నాక్టర్న్ (రాత్రిని తలపించే నెమ్మదైన పియానో కృతి) మెత్తగా సాగుతుంటే బయటినుంచి కేక వినిపిస్తుంది, పియానిస్టులకు అలవాటే. మెట్రో టికెట్టు బస్సులో చెల్లదు, రెండిటికీ వేరు వేరు.

ప్రశ్న: రాత్రి కచేరీ అయ్యాక ఇంటికి చేరడం ఎలా? 20h30 అంటే ఎన్నింటికి మొదలు? (నెల్లూరు)

రాత్రి ఎనిమిదిన్నరకి, అది ఖచ్చితమైన వేళ. క్లాసికల్ అయితే ఆ నిమిషానికి తలుపులు వేసేస్తారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు భాగం ముగిసేదాకా బయట నిలబడాలి, నంబరు సీటు ఉన్నా పోవచ్చు. జాజ్ క్లబ్బులో పదిహేను నిమిషాల సడలింపు మామూలే. 'ప్లాస్మాఁ లిబ్ర్' అని ఉంటే సీట్లకు నంబర్లు లేవు, 'కొంప్లే' అంటే అన్నీ అయిపోయాయి.

మెట్రో మామూలు రోజుల్లో రాత్రి ఒంటిగంటా పావు ప్రాంతం దాకా, శుక్ర, శనివారాల్లో రెండుంపావు దాకా నడుస్తుంది. ఇది ఆఖరి రైలు చివరి స్టేషన్ చేరే సమయం. మీ స్టేషన్లో అది అరగంట ముందే వెళ్ళిపోవచ్చు, లైను మారాలంటే ఇంకా ముందు. ఆ తర్వాత నోక్తిలియాఁ రాత్రి బస్సులు, చాలావరకు షాత్లే నుంచే బయల్దేరతాయి కాబట్టి ర్యూ దె లొంబార్ క్లబ్బులకు అవి చేరువ. 2025 జనవరి 1న మెట్రో-రైలు టికెట్టు 2.50 యూరోలు, బస్సు-ట్రామ్ టికెట్టు 2 యూరోలు చేశారు, ఆ తర్వాత కొద్దిగా పెరుగుతూ వస్తున్నాయి. రెండు యూరోలు పెట్టి నావిగో ఈజీ కార్డు కొని అందులో టికెట్లు నింపుకోండి. ఒక కార్డుతో ఇద్దరు ప్రయాణించడం కుదరదు, మనిషికొకటి ఉండాలి. జులై, ఆగస్టుల్లో రిపేర్ల కోసం కొన్ని లైన్లు వారాల తరబడి ముక్కలుగా మూసేస్తారు. పొద్దున వెళ్ళిన దారి రాత్రి ఉండకపోవచ్చు గనక, కచేరీకి బయల్దేరేటప్పుడే తిరుగు దారి కూడా యాప్‌లో చూసి పెట్టుకోండి.